బరంపురం ఉక్కపోతలో చిన్న డేటా సెంటర్: కరెంటు ఖర్చు సగానికి దించే పని, వరస ప్రకారం

మా సర్వర్ల గది ఏసీ డ్రెయిన్ పైపు కింద పెట్టిన 15 లీటర్ల బకెట్టు వానాకాలంలో రోజుకు రెండుసార్లు నిండేది. "జూలై కదా బాబూ, ఏసీ అన్నాక నీళ్లు కారవా?" అనేవాడు మా వాచ్‌మన్. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ సర్వర్లకు చెమట పట్టదు. తలుపు మూసిన గదిలో మనుషులు లేరు, తడి లేదు. మరి ఆ నీళ్లెక్కడివి? గోపాల్‌పూర్ సముద్రం మీంచి వచ్చే తేమగాలి తలుపు సందులోంచీ, కేబుళ్ల కోసం గోడకు కొట్టిన కన్నంలోంచీ లోపలికి దూరుతోంది. దాన్ని నీరుగా మార్చడానికి మేం కరెంటు బిల్లు కడుతున్నాం. లెక్క సులువే. ఒక లీటరు ఆవిరి నీరుగా మారేటప్పుడు దాదాపు 0.68 యూనిట్ల వేడిని వదులుతుంది. రోజుకు 30 లీటర్లంటే 20 యూనిట్ల వేడి. దాన్ని బయటికి తోయడానికి మామూలు ఏసీ 6, 7 యూనిట్ల కరెంటు తింటుంది. అంటే సర్వర్లను చల్లబరచడానికి కాకుండా, వీధిలో గాలిని ఆరబెట్టడానికి రోజూ అంత.

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో కాలేజీలకు, ఆసుపత్రులకు, కేబుల్ ఇంటర్నెట్ వాళ్లకు ఇలాంటి గదులుంటాయి. రెండు ర్యాకులు (సర్వర్లు బిగించే ఇనుప చట్రాలు), ఆరేడు సర్వర్లు, ఒక యూపీఎస్, 18 డిగ్రీల మీద నిలిపేసిన రెండు స్ప్లిట్ ఏసీలు. పెద్ద డేటా సెంటర్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఈ గదుల గురించి రాసేవాళ్లు తక్కువ. అందుకే 2 నుంచి 10 కిలోవాట్ల లోపు లోడు ఉన్న గదికే ఇది రాస్తున్నాను. ఇందులో వరస ముఖ్యం. చాలామంది కొత్త ఏసీ కొనడంతో మొదలుపెడతారు. ఏసీ చివర్లో రావాలి. ముందు వేడి పుట్టకుండా చూసుకోవాలి, తర్వాత పుట్టిన వేడికి దారి చూపాలి, అప్పుడు మిగిలినదాన్ని బట్టి ఏసీ ఎంచుకోవాలి.

ముందు కొలవండి

మూడు చోట్ల యూనిట్ల మీటర్లు పెట్టించండి: గదికి వచ్చే మెయిన్ లైను మీద, ఏసీల లైను మీద, యూపీఎస్ నుంచి ర్యాకులకు వెళ్లే లైను మీద. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో బిగించే చిన్న డిజిటల్ మీటర్లు ఎలక్ట్రికల్ కొట్లలో దొరుకుతాయి. క్లాంప్ మీటరుతో సరిపెట్టకండి. మామూలు క్లాంప్ మీటరు ఆంపియర్లు చూపిస్తుంది గానీ, అందులో నిజంగా ఖర్చయ్యే పాలు ఎంతో (పవర్ ఫ్యాక్టర్) చెప్పదు. పైగా ఏసీ కంప్రెసర్ ఆడుతూ ఆగుతూ ఉంటుంది కాబట్టి ఒక్క క్షణం చూసిన అంకె దేనికీ పనికిరాదు. ఏడు రోజులు, రోజూ ఒకే వేళకు మూడు రీడింగులూ నోట్‌బుక్కులో రాయండి.

గది మొత్తం వాడకాన్ని ర్యాకుల వాడకంతో భాగిస్తే వచ్చేది పీయూఈ (పవర్ యూసేజ్ ఎఫెక్టివ్‌నెస్). ఈ కొలతను 2007లో గ్రీన్ గ్రిడ్ అనే సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. 1 వస్తే ఒక్క వాటు కూడా వృథా లేనట్టు. అది ఎక్కడా సాధ్యం కాదు. 2 వస్తే సర్వర్లు తినేదానికి సమానంగా ఏసీ, యూపీఎస్, లైట్లు కలిసి తింటున్నట్టు.

మా గది లెక్క ఇది. ర్యాకులు 3.2 కిలోవాట్లు, ఏసీలు సగటున 2.5, యూపీఎస్ నష్టం 0.5, లైట్లూ మిగతావీ 0.2. మొత్తం 6.4, పీయూఈ సరిగ్గా 2. ఏడాదికి 56 వేల యూనిట్లు. మన గ్రిడ్డులో బొగ్గు కరెంటే ఎక్కువ, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన రెండు ర్యాకుల గది ఏటా 39 టన్నులు గాల్లోకి పంపుతోందన్నమాట. ఆ అంకె కాగితం మీద చూసిన రోజు నుంచి ఈ గదిని నేను మునుపటిలా చూడలేకపోయాను.

పని చేయని సర్వర్లను పట్టుకోండి

ఖాళీగా ఉన్న పాత సర్వరు కూడా పూర్తి పనిలో తినే కరెంటులో సగానికి దగ్గరగా తింటుంది. ఎవరూ వాడని సర్వరు రాత్రింబగళ్లు తిరుగుతూ ఉందంటే, అది తినేది ఒక ఎత్తు, అది పుట్టించే వేడిని మోయడానికి ఏసీ తినేది ఇంకో ఎత్తు.

ఒక్కో సర్వరు ఎంత తింటోందో సర్వరుతో పాటే వచ్చే ఐలో, ఐడ్రాక్ లాంటి మేనేజ్‌మెంట్ పేజీలోనే కనిపిస్తుంది. నెల రోజుల ప్రాసెసర్ వాడకం, నెట్‌వర్క్ ట్రాఫిక్, లాగిన్లు చూసి అనుమానం ఉన్నవాటి జాబితా రాసుకోండి. వెంటనే పవర్ తీసేయకండి. ముందు నెట్‌వర్క్ కేబుల్ తీసి రెండు వారాలు ఆగండి. ఎవరైనా "ఫలానాది రావట్లేదు" అంటే తిరిగి పెట్టేయడం ఒక్క నిమిషం పని. ఇక్కడొక జాగ్రత్త: కాలేజీల్లో ఫలితాల నెల, ఆఫీసుల్లో మార్చి నెలాఖరు దాటేదాకా తుది నిర్ణయం వద్దు. ఏడాదికి ఒక్కసారే పనికొచ్చే సర్వర్లు ఉంటాయి. వాటిని వర్చువల్ మెషిన్లుగా (ఒకే సర్వరు లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే సర్వర్లుగా) మార్చి ఆపి ఉంచితే చాలు, అవసరమైనప్పుడు లేపుకోవచ్చు.

మేం ఏడు సర్వర్లను నాలుగుకు దించాం. తక్కువ పని చేసేవాటిని ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద వర్చువల్ మెషిన్లుగా ఒకే చోటికి తెచ్చాం. ఎప్పుడో గానీ తెరవని ఫైళ్లున్న డిస్కులను ఒక స్టోరేజీలోకి చేర్చాం. 3.5 అంగుళాల హార్డ్ డిస్కు ఒక్కోటి 6 నుంచి 10 వాట్లు తింటుంది, ఇరవై డిస్కులంటే తక్కువేమీ కాదు. ర్యాకుల లోడు 2.1 కిలోవాట్లకు వచ్చింది.

అప్పుడు జరిగింది చెబుతాను. యూపీఎస్, ఏసీ మాత్రం అదే దామాషాలో తగ్గలేదు. యూపీఎస్ నష్టం 0.45, ఏసీ 2.0, లైట్లు అవే 0.2, మొత్తం 4.75. భాగిస్తే పీయూఈ 2.26! కరెంటు వాడకం పావు వంతు తగ్గింది, పీయూఈ మాత్రం పెరిగింది. పైవాళ్లకు పీయూఈ ఒక్కటే చూపించేవాళ్లు ఇక్కడ బెదిరిపోయి మంచి పనిని ఆపేసే ప్రమాదం ఉంది. మొత్తం యూనిట్లనే మొదటి అంకెగా పెట్టుకోండి, పీయూఈ రెండోది. తర్వాత దించాల్సినవి ఏసీ, యూపీఎస్ అని ఆ పెరిగిన పీయూఈయే చెబుతోంది.

మిగిలిన సర్వర్ల బయాస్‌లో (సర్వరు మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో) పవర్ ప్రొఫైల్ "మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్" మీద ఉందేమో చూడండి. చాలాచోట్ల ఉంటుంది. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అదుపులో నడిచేలా, పని లేనప్పుడు ప్రాసెసర్ నిద్రపోయేలా మార్చండి. పైసా ఖర్చు లేదు.

గాలికి దారి చూపడం

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే. సర్వరు ముందు నుంచి చల్లగాలి పీల్చి వెనక నుంచి వేడిగాలి వదులుతుంది. ఆ వేడిగాలి మళ్లీ ముందుకు తిరిగి రాకుండా చూడటమే మన పని. చిన్న గదుల్లో ఇది ఎప్పుడూ తప్పుతుంది. గదంతా చల్లగా ఉంటుంది, ర్యాకు పైభాగంలో ఉన్న సర్వరు మాత్రం జ్వరం వచ్చినట్టు ఉంటుంది. దాన్ని చూసి ఏసీని ఇంకా కిందికి దించుతారు.

వేడిగాలి ఎక్కడ తిరగబడుతోందో కంటికి కనిపించాలంటే ఒక పని చేయండి. అగరుబత్తి పొగ వద్దు, స్మోక్ డిటెక్టర్ మోగుతుంది. మనది పట్టు నేసే ఊరు. నేతవాళ్ల దగ్గర వృథాగా పోయే పట్టుపోగులు నాలుగు తెచ్చుకోండి. జానెడు ముక్కలు కత్తిరించి ర్యాకు ముందువైపు ఖాళీ స్లాట్ల దగ్గర, పక్క సందుల దగ్గర, అన్నిటికన్నా పైన టేపుతో అంటించండి. పట్టుపోగు ఎంత తేలికంటే చిన్న ఊపిరికి కూడా లేస్తుంది. పోగు ర్యాకు లోపలికి వాలితే సరే. మీ వైపుకు ఎగురుతోందంటే వెనకటి వేడిగాలి ఆ కన్నంలోంచి ముందుకొస్తున్నట్టే. నేను మొదటిసారి పెట్టినప్పుడు పదకొండు పోగుల్లో ఆరు నా ముఖం వైపే ఊగాయి. చెయ్యి పెడితే ఆ గాలి వెచ్చగా తగిలింది.

ఆ కన్నాలు మూయాలి. ర్యాకులో ఒక స్లాటు (దాన్నీ యూనిట్ అనే అంటారు) ఎత్తు 44.45 మిల్లీమీటర్లు, ముందు పలక వెడల్పు 482.6 మిల్లీమీటర్లు. ఈ కొలత రాసిస్తే ఊళ్లో రేకు పని చేసేవాళ్లు జీఐ రేకుతో బ్లాంకింగ్ ప్యానెళ్లు (ఖాళీ స్లాట్లు మూసే పలకలు) కత్తిరించి ఇస్తారు. అంచులు నున్నగా రుద్దించండి. రేకు కత్తిరింపు, డ్రిల్లింగ్ గది బయటే జరగాలి, ఇనుప రజను సర్వర్లలోకి పోతే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అట్టముక్క, థర్మకోల్ మాత్రం పెట్టకండి. అవి నిప్పు అందుకుంటాయి.

తర్వాత చూడాల్సినవి:

రెండు ర్యాకుల ముఖాలూ ఒకే వైపుకు ఉండాలి, ఏసీ గాలి ఆ ముఖాల ముందే పడాలి. ఒక ర్యాకు వెనక వదిలేది ఇంకో ర్యాకు ముందు పీల్చేలా పెట్టిన గదులు నేను రెండు చూశాను.

నెట్‌వర్క్ స్విచ్‌లను మరవకండి. పోర్టులు వెనక్కి ఉండేలా బిగించినవి, పక్కల నుంచి గాలి పీల్చేవి ఎప్పుడూ వేడిగాలినే తాగుతుంటాయి. ఫ్యాన్ దిశ మార్చే వీలున్నవి కొన్ని దొరుకుతాయి.

ర్యాకు వెనక కేబుళ్లు జడల్లా వేలాడుతుంటే వేడిగాలి బయటికి రాదు. పక్కకు కట్టండి.

ర్యాకు పక్కలనుంచి గోడ దాకా, పైనుంచి సీలింగు దాకా పీవీసీ తెర వేయండి. కోల్డ్ స్టోరేజీ గుమ్మాలకు వేలాడదీసే పట్టీల తెర ఇందుకు బాగా పనికొస్తుంది, నిప్పంటుకోని రకం అడిగి తీసుకోండి. స్ప్రింక్లరు గానీ, గ్యాస్‌తో మంట ఆర్పే ఏర్పాటు గానీ ఉంటే తెర దానికి అడ్డం రాకూడదు.

గది మూత

బకెట్టు సంగతి ఇక్కడ తేలుతుంది. తలుపు చుట్టూ రబ్బరు బీడింగ్, కింద బ్రష్ పట్టీ, కేబుల్ కన్నాలకు నిప్పును తట్టుకునే సీలెంట్, కిటికీ ఉంటే లోపలినుంచి మూసేసి ఇన్సులేషన్. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక ఎత్తి పైన చూడండి, పక్క గదికి తెరిచి ఉంటుంది చాలాసార్లు. మా గదిలో పెద్ద కన్నం అదే. ఈ పనంతా రెండు రోజుల్లో అయిపోయింది, ఆ ఏడు ఆగస్టులో బకెట్టు రోజుకు సగం కూడా నిండలేదు.

పై అంతస్తులో స్లాబు కింద గది అయితే స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ గానీ, కనీసం సున్నం గానీ వేయించండి. పడమటి గోడ ఎండ తింటుంటే దానికి నీడ కావాలి.

ఉష్ణోగ్రత ఎంత?

18 డిగ్రీలు అవసరం లేదు. ఆష్రే (ఏసీ ఇంజినీర్ల అమెరికా సంఘం) ప్రమాణం ప్రకారం సర్వరు పీల్చే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. ఆ 27 కొలవాల్సింది సర్వరు ముఖం దగ్గర. ఏసీ రిమోట్ మీది అంకె గానీ, గది మధ్యలో వేలాడదీసిన థర్మామీటరు గానీ లెక్కకు రావు. ర్యాకు ముందు కింద, మధ్య, పైన మూడు సెన్సర్లు అంటించండి. పై సెన్సరుదే తుది మాట.

గాలి పని పూర్తి చేశాకే ఉష్ణోగ్రత పెంచాలి, ముందు పెంచితే పై సర్వరు ఆగిపోతుంది. మూడు రోజులకు ఒక డిగ్రీ చొప్పున పెంచుతూ మొత్తం యూనిట్లు చూడండి. 25, 26 దాటాక సర్వర్ల లోపలి ఫ్యాన్లు వేగం పుంజుకుంటాయి. ఫ్యాన్ తినే కరెంటు వేగం ఘనం లెక్కన (వేగాన్ని దానితోనే మూడుసార్లు గుణించినట్టు) పెరుగుతుంది, వేగం 80 శాతానికి తగ్గితే కరెంటు సగానికి పడిపోతుంది, పెరిగితే అదే లెక్కన ఎగబాకుతుంది. అందువల్ల ఒక డిగ్రీ దగ్గర ఏసీలో మిగిలేది ఫ్యాన్లలో పోతుంది. మాకు ఆ గీత 25 దగ్గర తగిలింది, అక్కడే ఆగాం. తేమ 60 శాతం దాటకుండా చూసుకోండి.

ఇప్పుడు ఏసీ

2.1 కిలోవాట్ల ర్యాకు, యూపీఎస్ నష్టం, గోడల నుంచి వచ్చే వేడి కలిపితే మాకు 3 కిలోవాట్ల పైచిలుకు. ఒక టన్ను ఏసీ అంటే 3.5 కిలోవాట్ల వేడి. అలాంటి గదికి రెండేసి టన్నుల ఏసీలు రెండు నడిచేవి. పెద్ద ఏసీ గబగబా చల్లబరచి ఆగిపోతుంది, మళ్లీ లేస్తుంది, ఆ లేవడం ఆగడంలోనే కరెంటు పోతుంది, తేమ కూడా సరిగ్గా లాగదు. మేం ఒకటిన్నర టన్నుల ఐదు నక్షత్రాల ఇన్వర్టర్ ఏసీలు రెండు పెట్టుకున్నాం. ఒకటి నడుస్తుంటే ఇంకోటి తోడు, వారానికోసారి మార్చుతాం, ఒకటి ఆగితే ఇంకోటి దానంతటదే లేచేలా కంట్రోలరు ఉంది. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను మొదలయ్యే సౌకర్యం ఉందో లేదో కొనేముందే అడగండి.

ఏసీలో నింపే గ్యాస్ సంగతి కూడా పర్యావరణంలో భాగమే. ఆర్-410ఏ ఒక కిలో లీకైతే 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, ఆర్-32 అయితే 675, ఆర్-290 అయితే 3. సముద్రం దగ్గర ఉప్పుగాలికి రాగి, అల్యూమినియం తినేసి లీకులు ఎక్కువ. కాబట్టి పూత పూసిన కాయిలు ఉన్న మోడలే తీసుకోండి, రెండు నెలలకోసారి మంచినీళ్లతో బయటి యూనిట్ కడగండి. ఏటేటా గ్యాస్ నింపించుకోవడం మామూలే అనుకోవద్దు. లీకు పట్టుకోకుండా గ్యాస్ నింపే మెకానిక్‌ను ఆపి, ముందు లీకు వెతకమనండి.

బయటి యూనిట్ ఎక్కడ పెట్టారో చూడండి. మాకు మొదట బిగించినవాళ్లు రెండు యూనిట్లనూ పడమటి బాల్కనీలో ఎదురెదురుగా పెట్టి, గ్రిల్లుకు రేకు కొట్టి వెళ్లిపోయారు. ఒకదాని వేడిగాలి ఇంకోటి పీల్చేది. ఉత్తరం వైపు మార్చి, పైన నీడ వేశాక కంప్రెసర్ శబ్దంలోనే తేడా తెలిసింది.

యూపీఎస్, బ్యాటరీలు

10 కేవీఏ యూపీఎస్ మీద 2 కిలోవాట్లు నడపడం ఖాళీ బస్సు తిప్పడమే. పాతవి అంత తక్కువ లోడులో 80, 85 శాతం సామర్థ్యంతోనే నడుస్తాయి. కొత్త మాడ్యులర్ యూపీఎస్‌లు 94, 95 శాతం ఇస్తాయి, లోడు పెరిగితే మాడ్యూల్ కలుపుకోవచ్చు. ఎకో మోడ్‌లో (లైను కరెంటును దాదాపు నేరుగా ర్యాకులకు వదిలే పద్ధతిలో) నష్టం ఇంకా తగ్గుతుంది గానీ, ఓల్టేజీ ఎగిరిపడే మన లైన్ల మీద నేను దాన్ని వాడను.

లెడ్ యాసిడ్ బ్యాటరీలకు 25 డిగ్రీలు కావాలి. దానిమీద సుమారు 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. సర్వరు ర్యాకు వెనక వేడిలో బ్యాటరీలు పెట్టకండి.

సోలార్, జనరేటర్, తుఫాను

ఒక కిలోవాటు సోలార్ ప్యానెల్ మన వైపు రోజుకు సగటున 4 యూనిట్ల దాకా ఇస్తుంది, సుమారు 10 చదరపు మీటర్ల జాగా కావాలి. వాడకం దించాక మా గదికి రోజుకు 73 యూనిట్లు. 5 కిలోవాట్లు పెడితే 20 యూనిట్లు, అంటే పావు వంతు. వాడకం దించకముందు పెట్టి ఉంటే అదే సోలార్ దాదాపు ఎనిమిదో వంతే అయ్యేది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మన పక్కనే పుడుతుంది, దాన్నే నేరుగా కొనుక్కుందామంటే చిన్న గదికి కుదరదు: 2022 గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నియమాల్లో కనీస లోడు 100 కిలోవాట్లు. కాబట్టి మన కప్పే మనకు దారి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లాను ముంచింది. ఈ తీరంలో ప్యానెల్ ఫ్రేములు హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత పట్టించినవి) అయి ఉండాలి, స్లాబులోకి సరిగ్గా బిగించి ఉండాలి. పెయింటు వేసిన ఇనుము రెండేళ్లకే తుప్పు పడుతుంది. తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు రానప్పుడు చిన్న లోడే మనల్ని కాపాడుతుంది, అదే డీజిల్ రెట్టింపు కాలం వస్తుంది. 25 కేవీఏ జనరేటరు 3 కిలోవాట్లకు తిప్పితే ఇంజిన్లో మసి పేరుకుంటుంది. లోడు తగ్గాక జనరేటరు కూడా చిన్నది చాలు. లీటరు డీజిల్ కాలిస్తే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్.

పనులన్నీ అయ్యాక మా లెక్క: ర్యాకులు 2.1, ఏసీ 0.75, యూపీఎస్ నష్టం 0.15, మిగతావి 0.05. మొత్తం 3.05 కిలోవాట్లు, పీయూఈ 1.45. ఏడాదికి 26,700 యూనిట్లు.

కొండ మీద ఉన్నవాళ్లకు

కొరాపుట్, సెమిలిగూడ వైపు ఊళ్లు 900 మీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిళ్లు ఏసీ అక్కరే లేదు. 2 కిలోవాట్ల వేడికి, లోపలికీ బయటికీ 10 డిగ్రీల తేడా ఉంటే గంటకు సుమారు 650 ఘనపు మీటర్ల గాలి చాలు, 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆ పని చేస్తుంది. లోపలికొచ్చే దారిలో ఎర్రమట్టి దుమ్మును ఆపే మంచి ఫిల్టరు పెట్టండి. మంచు పొగను చూసి భయపడకండి: 12 డిగ్రీల్లో 95 శాతం తేమ ఉన్న గాలి 22 డిగ్రీలకు వెచ్చబడితే తేమ 50 శాతానికి దిగుతుంది. బరంపురంలో మాత్రం ఇది వద్దు, ఆ గాలిలో ఉప్పుంది.

మహారాష్ట్రలో చంద్రపూర్, బల్లార్షా వైపు మనవాళ్లకు మేలో పొడి ఎండ. అక్కడ గాలి తడవకుండా చల్లబరిచే పరోక్ష కూలరు బాగా పనిచేస్తుంది. ఉప్పునీళ్లను నేరుగా ఏసీ బయటి యూనిట్ రెక్కల మీద చల్లకండి, పొలుసు కడుతుంది.

తీసేసిన సామాను

ఆపేసిన మూడు సర్వర్లను పాత సామాన్ల కొట్టుకు అమ్మేయడం తేలిక. అక్కడ బోర్డులను యాసిడ్‌లో వేసి రాగి, బంగారం తీసి, మిగిలిన ద్రవం కాలువలో పోస్తారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాల ప్రకారం నమోదైన రీసైక్లరుకే ఇవ్వాలి, బ్యాటరీలకు వేరే నియమాలు 2022 నుంచి ఉన్నాయి. ఇచ్చేముందు డిస్కులను సెక్యూర్ ఎరేజ్ (మళ్లీ చదవడానికి వీల్లేకుండా చెరపడం) చేయండి, చెడిపోయి చెరపడానికి వీల్లేనివాటికి డ్రిల్లుతో పలకలు తూట్లు పొడవండి. సీరియల్ నంబర్లు రాసిన రసీదు తీసుకుని మీటర్ల నోట్‌బుక్కులోనే అంటించండి. మొదటి పేజీలో 6.4 రాసిన నోట్‌బుక్కు అదే.